సముద్రతీర మెవరి సొత్తు?

విశ్రాంతి ధనికుల విలాసమని మనలో ననేకులకు నొక యభిప్రాయము స్థిరపడి యున్నది. మన గృహస్థుడు ఊరు విడుచుటకు పెండ్లియో, తీర్థయాత్రయో, వ్యాజ్యమో, వైద్యమో కారణముగా నుండవలెను. ఇట్టి కారణ మేదియు లేక, ఆలుబిడ్డలతో పదిదినములు సముద్రపుటొడ్డున ఊరక కూర్చుండి వత్తునని యెవడైన ననినచో, వానికి ధన మెక్కువైనదనియో, పని తక్కువైనదనియో ఇరుగుపొరుగువా రనుకొందురు. ఈ యభిప్రాయము సరియైనది కాదని మా నమ్మకము. విశ్రాంతి శ్రమించువాని హక్కు. అయితే హక్కు కాగితముపై నుండిన చాలదు. దాని ననుభవించుటకు చోటు కావలెను. ఆ చోటు కొనగలవారికే దక్కునదైనచో హక్కు మాటవరుసకు మాత్రమే మిగులును.

ఈ సంగతిని విచారించుటకు టర్కీదేశపు సముద్రతీరముకంటె మంచి యుదాహరణము మాకు కానరాదు. ఆ దేశమునకు 2024వ సంవత్సరమున 6 కోట్లకు పైబడి యాత్రికులు వచ్చిరి. వారివలన ఆ దేశమునకు చేకూరిన రాబడి 6,000 కోట్ల డాలర్లను మించినది. ఇంతటి జనప్రవాహము తాకుచున్న తీరమున నిశ్శబ్దము నిలుచుట సులభము కాదు. అయినను నిశ్శబ్దమైన పల్లెలు అచ్చట ఇంకను కొన్ని కలవు. అవి యదృష్టవశమున మిగిలినవా, లేక యెవరైన పూనుకొని మిగిల్చినవా యనునదియే మా ప్రశ్న.

అంటాల్యా నగరమునకు దక్షిణముగా సుమారు 80 కిలోమీటర్ల దూరమున చిరాలి యను గ్రామము కలదు. పేరు వినగానే ఆంధ్రపాఠకునకు మన చీరాల స్ఫురించును, పోలిక పేరువరకే. రాజమార్గము విడిచి, పైను చెట్ల లోయలో వంకరలు తిరుగు చిన్నదారిని దిగినగాని ఆ గ్రామము కనబడదు. దిగిన పిమ్మట ఎదుట మూడు కిలోమీటర్లకు పైబడిన సముద్రపుటొడ్డు. వెనుక నిటారుగా లేచిన కొండలు. వానికి పైన 2,365 మీటర్ల ఎత్తుగల తహ్‌తాలి శిఖరము. కొండకును కడలికిని నడుమ నారింజ, నిమ్మ, దానిమ్మ తోటలు. ఆ తోటలలో కొయ్యతో కట్టిన చిన్న బసలు. వానిని గ్రామకుటుంబములే నడుపుచుండును. చెట్లను మించిన భవన మొక్కటియైన నచ్చట లేదు.

కుటుంబముతో వచ్చినవాని కచ్చట దినము గడచు విధము మిక్కిలి సామాన్యము. ఉదయమున తోటలో బల్లమీద రొట్టె, ఉప్పునీట నూరిన ఆలివుకాయలు, తెల్లని జున్ను, టొమాటో, దోసకాయ, గ్రుడ్లు, తేనె, చిన్న గాజుపాత్రలలో పాలు లేని తేనీరు. పిమ్మట పిల్లలు నీటిలో దిగుదురు. పెద్దలు నీడను కూర్చుందురు. మధ్యాహ్నము నిద్ర. సాయంకాలము ఒడ్డువెంబడి నడక. రాత్రి భోజనమైన వెనుక నక్షత్రములు. తల్లికి వంటపని లేదు. తండ్రికి కచేరిపని లేదు. ఒకరి మాట నింకొకరు తుదివరకు వినుటకు వ్యవధి కలదు. ఏమి చేసివచ్చితిరని యెవరైన నడిగిన చెప్పుకొనదగిన కార్య మొకటియు నుండదు. పదునొకండు మాసములు గడియారమునకు లోబడి బ్రతికిన సంసారికి ఈ కార్యశూన్యతయే ఔషధము.

చూడవలెనను కుతూహలము గలవారికి చూడదగిన వచ్చట లేకపోలేదు. ఒడ్డు దక్షిణపుకొనను ఒలింపోస్ అను ప్రాచీననగరపు శిథిలములు వాగు కిరువైపుల పొదలలో పడియున్నవి. పూర్వకాలమున లిసియా దేశపు నగరము లొక సమాఖ్యగా నేర్పడి, పెద్దనగరమునకు మూడు, మధ్యమమునకు రెండు, చిన్నదాని కొకటి చొప్పున ఓట్లు పంచుకొని తమ వ్యవహారములు నడుపుకొనినవని గ్రీకు భూగోళకర్త స్ట్రాబో వ్రాసెను. మూడేసి ఓట్లు గల ఆరు నగరములలో ఒలింపోస్ ఒకటి. గ్రామమునకు ఉత్తరపుదిక్కున కొండపై యానర్‌తాష్ అను స్థలమున రాతిపగుళ్లనుండి వాయువు వెలువడి, రెండువేల యేండ్లకు పైగా మంటలు మండుచునే యున్నవి. గ్రీకులు దానిచెంత అగ్నిదేవుడగు హెఫైస్టోస్‌కు గుడి కట్టిరి. కాంగ్రాలోయలోని జ్వాలాముఖిని సేవించిన మనవారి కా భక్తి యన్యముగా తోచదు. పిల్లలు చీకటిలో చిన్నదీపములతో ఆ కొండ యెక్కి మంటలు చూచి దిగివత్తురు.

ఇట్టి చోటు ఇట్లే యేల మిగిలినది? ఇచ్చటినుండి ఉత్తరముగా కొంతదూరము పోయినచో కెమెర్ కలదు. అచ్చట తీరమంతయు పెద్ద హోటళ్ల వరుస. 1970వ దశకమున ప్రపంచబ్యాంకు ఋణముతో దక్షిణ అంటాల్యా తీరమును యాత్రికులకై తీర్చిదిద్దు పథక మారంభమై, దాని ఫలముగా నా వరుస పెరిగినది. ఆ హోటళ్లలో అనేకములందు యాత్రికుడు ముందుగానే సర్వమునకు సొమ్ము చెల్లించి, మణికట్టున పట్టీ కట్టించుకొని, ప్రహరీగోడ లోపలనే తిని, త్రాగి, ఈది, విమానమెక్కి పోవును. గోడ వెలుపలి అంగడివానికిని, జాలరికిని వాని ముఖమైన కనబడదు. ఒకే సముద్రము, ఒకే కొండ, ఒకే ఎండ. అయినను కెమెర్ నకు పట్టిన గతి చిరాలికి పట్టలేదు. దానికి కారణములు మూడు.

మొదటిది శాసనము. 1972లో ఈ ప్రాంతమును జాతీయవనముగా ప్రకటించిరి. ఈ ప్రకటనముతో నచ్చట కట్టడములకు కళ్లెము పడినది. రెండవది ఒక మూగజీవము. లాగర్‌హెడ్ అను సముద్రపు తాబేలు గ్రీష్మకాలపు రాత్రులందు ఈ ఒడ్డునకు వచ్చి, ఇసుకలో గుంత త్రవ్వి, నూటికి దగ్గరగా గ్రుడ్లు పెట్టి పోవును. సుమారు రెండుమాసములకు పిల్లలు వెలువడి, చీకటిలో కాంతి యధికముగా గల దిక్కునకు ప్రాకును. ప్రకృతిసిద్ధముగా నా కాంతి కడలిమీదిది. ఒడ్డున హోటలు దీపములు వెలిగినచో నవి దారితప్పి దీపమువైపు పోయి చచ్చును. కావున తాబేలు బ్రతుకవలెనన్న ఒడ్డు చీకటిగా నుండవలెను, బండ్లు తిరుగరాదు, గూళ్లున్న తావున గొడుగు కఱ్ఱలు పాతరాదు. తాబేలునకు పనికివచ్చిన ఈ నియమములే మనుష్యునకును నిద్రను, నక్షత్రములను దక్కించినవి. మూడవది గ్రామస్థుల పూనిక. 1990వ దశకపు చివరిభాగమున ప్రకృతిరక్షణ సంస్థవారు వచ్చి మాటలాడగా, ఊరివారు సహకారసంఘముగా నేర్పడి, గూళ్లను కాచుట, బాటలు చూపుట మొదలగు పనులను తామే వహించిరి. శాసనము పైనుండి వచ్చిన వేలి వంటిది. ఊరు దానిని పట్టుకొనిన చేయి.

న్యాయవాదవృత్తియందున్న మాకు టర్కీ రాజ్యాంగములోని రెండు ప్రకరణములను జతపరచి చదువుట యభిరుచి. 1982నాటి ఆ రాజ్యాంగము సైనికాధిపత్యపు నీడను పుట్టినది. దానియందు నిందింపదగినవి పెక్కులు కలవు. అయినను దాని 43వ ప్రకరణము సముద్రతీరములు రాజ్యము యొక్క యధీనమున నుండవలెననియు, వానిని వినియోగించుటలో ప్రజాహితమునకే ప్రథమస్థాన మీయవలెననియు చెప్పుచున్నది. 50వ ప్రకరణము విశ్రాంతి పనివారి హక్కని చెప్పుచున్నది. ఒకటి విశ్రాంతి నిచ్చినది. ఇంకొకటి విశ్రమించుటకు చోటిచ్చినది. మొదట 1984లో చేసిన తీరశాసనమును వారి రాజ్యాంగ న్యాయస్థానము 1986లో కొట్టివేసెను. పిమ్మట 1990లో 3621వ సంఖ్యగల శాసనము వచ్చినది. దాని ప్రకారము తీరము ఎల్లరకును సమానముగా, స్వేచ్ఛగా తెరచియుండవలెను. ఒడ్డుపై గోడగాని, కంచెగాని, కందకముగాని యుండరాదు. తీరపుటంచునకు 50 మీటర్లకంటె దగ్గరగా కట్టడము రారాదు. రాష్ట్రపతియైనను, రొట్టెల దుకాణపు కూలివాడైనను తువ్వాలు పరచుకొనుటకు సమానాధికారము గలవారే యని దీని తాత్పర్యము.

శాసనమున్నంత మాత్రమున తీరము దక్కునని మేమనము. దాల్యాన్ సమీపమున ఇజ్‌తుజు అను నాలుగున్నర కిలోమీటర్ల ఇసుకతిన్నె కలదు. 1980వ దశకమున నచ్చట గొప్ప హోటలు కట్టుటకు సన్నాహము జరిగినది. అప్పు డా ఒడ్డున చిన్న పాక వేసికొని యుండిన జూన్ హైమాఫ్ అను ఆంగ్లవనితయు, టర్కీ దేశపు ప్రకృతిప్రియులును, విదేశములలోని వారి మిత్రులును గట్టిగా నాందోళనము సలిపిరి. 1987లో హోటలు పని నిలిచిపోయెను. 1988లో ఆ ప్రాంతమును ప్రత్యేక పరిసరరక్షణ క్షేత్రముగా ప్రకటించిరి. నేటికిని రాత్రి 8 గంటలనుండి ఉదయము 8 గంటలవరకు ఆ ఒడ్డున మానవుడు కాలు మోపరాదు. పగలు మనుష్యునిది, రాత్రి తాబేలుది. జూన్ హైమాఫ్ 2022లో, 99వ యేట, కన్నుమూసెను. ఆమె పదవి గలది కాదు. ఒక ఒడ్డును ప్రేమించి పట్టు విడువనిది, అంతియే.

ఇక విషాదోదాహరణము. 1925లో జెవాత్ షాకిర్ అను రచయిత ఒక పత్రికయందు ప్రచురించిన వ్రాతకై శిక్షితుడై బోద్రుమ్ అను మారుమూల సముద్రపుటూరికి ప్రవాసమున పంపబడెను. అది హెరొడోటస్ పుట్టిన ప్రాచీన హాలికర్నాసస్ నగరమే గాని, నాటికి స్పంజులు తీయువారును, చేపలు పట్టువారును నివసించు చిన్న పేట. పత్రికావ్రాతకు శిక్ష లేమో మన ముందుతరమువారికి బాగుగా తెలియును. కాని ఈయనకు ప్రభుత్వము వేసిన శిక్షయే వరమైనది. శిక్ష ముగిసిన పిమ్మట తానై మరల నా యూరికి వచ్చి కాపురముండెను. 'హాలికర్నాస్ జాలరి' యని పేరు పెట్టుకొని సముద్రమును గూర్చియు, దానిపై బ్రతుకువారిని గూర్చియు కథలు వ్రాసెను. వీథులలో చెట్లు నాటెను. మిత్రులను గూర్చుకొని చిన్న పడవలలో తీరము చుట్టివచ్చెను. 'నీలియాత్ర' యని పేరుపొందిన ఆ విహారములలో సామాన్యమైన తిండి, పడవకప్పుపై నిద్ర, ప్రాచీన గాథలను గూర్చిన సంభాషణ మాత్రమే యుండెను. ఆయన 1973లో మరణించెను. నేడు బోద్రుమ్ నౌకావిలాసములకును, భవంతులకును పేరుపొందినది. అచ్చటను, ఇజ్మీర్ ప్రాంతపు చెష్మెయందును ఒడ్డుపై కూర్చుండుటకు హెచ్చు రుసుము గైకొను విహారశాలలు వెలసినవి. ఒక యూరి యందమును లోకమునకు చాటుట యొకటి, ఆ యందమును కాపాడుట యింకొకటి. మొదటిది కవి చేసెను. రెండవది చేయవలసినవారు చేయలేదు.

ఇచ్చట నొక యాక్షేపణ వచ్చును. దానిని మేము తేలికగా త్రోసివేయజాలము. 'పదిదినములు విశ్రమించి పోవు పట్టణవాసికి పల్లె పల్లెగా నుండవలెను. కాని పల్లెవాడు మేడ కట్టుకొనరాదా? తన భూమిలో నింకొక యంతస్తు వేసికొని బిడ్డలను చదివించుకొనరాదా? నీ నిశ్శబ్దమునకు వాని దారిద్ర్యము వెలయా?' యని. ఇది న్యాయమైన ప్రశ్న. నిశ్శబ్దపు ఖర్చు పల్లెవాడే భరించి, దాని సుఖము పట్టణవాడే యనుభవించుట యన్యాయమే.

దీనికి మా సమాధాన మిది. పెద్ద హోటలు వచ్చినచో పల్లెవాడు భూమి నమ్ముకొని, ఆ సొమ్ము తినివేసిన వెనుక, తన తాతల తోటయందే పళ్లెములు మోయు కూలివాడగును. చిన్న బసల పల్లెయందు వాడు యజమాని. వాని భార్య చేసిన జున్నును, తోటలోని పండును, పట్టిన చేపయు వాని బల్లమీదనే అమ్ముడుపోవును. రాబడి గొప్పది కాకపోవచ్చును. కాని యది యూరిలోనే నిలుచును. ప్రాచీనపద్ధతిని విడువక బాగుపడుటకు దారి లేదనువారు అక్యకా యను ఊరిని చూడదగును. గొకోవా సముద్రశాఖ తలయందున్న ఆ యూరిలో 1971లో నాయిల్ చాకిర్‌హాన్ అను ఆయన స్థానిక వడ్రంగుల సాయముతో, ఆ ప్రాంతపు పూర్వపద్ధతిని, తనకొక యిల్లు కట్టుకొనెను. ఆయన కవి, పత్రికారచయిత. రాజకీయాభిప్రాయములకై చెఱసాల ననుభవించినవాడు. వాస్తువిద్య చదివినవాడు కాడు. ఆ యింటికి 1983లో ఆగాఖాన్ వాస్తుబహుమానము లభించెను. ఊరివారందరు నాదారినే పట్టగా కొయ్యపనివారికి చేతినిండ పని దొరకినది. 2011లో అక్యకా 'నెమ్మది పట్టణము' లను అంతర్జాతీయసంఘమున చేరినది. నత్త యా సంఘపు గుర్తు. నెమ్మదిగా నడచుట వెనుకబడుట కాదని యా నత్త తెలుపుచున్నది.

అయితే టర్కీని పొగడుటయే మా యుద్దేశము కాదు. 1982లోనే యాత్రికవ్యాపారమును ప్రోత్సహించుటకై వారు వేరొక శాసనము చేసి, ప్రభుత్వభూములను దీర్ఘకాలపు గుత్తకు హోటళ్లకు ఇచ్చు మార్గము తెరచిరి. 2018లో అనుమతి లేని కట్టడములకు రుసుము గైకొని నమోదుపత్రము లిచ్చు పథకము వచ్చినది. ఒక చేతితో వ్రాసిన నిషేధమును మఱియొక చేతితో క్షమించుట యిట్లుండును. నియమమును మన్నించి ఊరకున్నవాడు నష్టపోయెను. ఉల్లంఘించినవాడు రశీదు సంపాదించెను. ఈ విద్య మనకును క్రొత్తది కాదు. అక్రమనిర్మాణములను క్రమపరచు పథకములు ఎన్ని సారులు వచ్చినవో మన పురపాలకసంఘములను అడుగుడు.

మన సంగతి యనగా నొక విచిత్రము. మన రాజ్యాంగమునందును 43వ ప్రకరణమే విశ్రాంతిని గూర్చి పలుకుచున్నది. పనివారికి తగిన జీతమును, మర్యాదగల జీవనమును, విరామకాలమును సంపూర్ణముగా ననుభవించు వీలును కలిగించుటకు రాజ్యము ప్రయత్నింపవలెనని దాని యాదేశము. టర్కీవారి 43వ ప్రకరణము తీరమును గూర్చి, మన 43వ ప్రకరణము విరామమును గూర్చి. సంఖ్య కలియుట యాదృచ్ఛికమే. కాని ఆ రెంటిని కలిపి చదువుకొనవలసిన యవసరము యాదృచ్ఛికము కాదు. టర్కీ 1990లో తీరశాసనము చేయగా, మన ప్రభుత్వము 1991లో తీరప్రాంత నియంత్రణ ప్రకటన గావించెను. నాడు గ్రామీణతీరమున పోటుగీటునుండి 200 మీటర్లవరకు క్రొత్త కట్టడములకు తావులేదనిరి. 2019నాటి ప్రకటన, జనసాంద్రత హెచ్చుగా గల గ్రామతీరములం దా హద్దును 50 మీటర్లకు కుదించినది. మన తీరమునకును తాబేళ్లు వచ్చును. అవి ఆలివ్ రిడ్లీ జాతివి. మన తీరమునందును వలలు ఆరవేసికొను జాలరులు కలరు. ఆదివారమునాడు పిల్లలను వెంటబెట్టుకొని అలలయం దాడించు గుమాస్తాలును, ఉపాధ్యాయులును కలరు. వీరికి క్లబ్బులు లేవు, కొండశిఖరములపై బంగళాలు లేవు. ఉన్నది ఆ యిసుక యొక్కటే.

కావున పఠనమందిరములందు కూడు పాఠకమహాశయులకు మా విన్నపము. విశ్రాంతిని కోరుట సిగ్గుపడదగిన పని కాదు. సంవత్సరమున కొకసారియైన ఆలుబిడ్డలతో సముద్రపుటొడ్డున కూర్చుండుడు. కాని యటుల కూర్చుండునపుడు ఈ యొడ్డు ఎవరిదని యొక్కమాటు ప్రశ్నించుకొనుడు. తీరప్రాంత నిర్వహణకై తయారగు చిత్తుపటములపై ప్రజాభిప్రాయము నడుగవలెనని శాసనమే నిర్దేశించుచున్నది. ఆ విచారణదినమున సభాస్థలిని కుత్తదారులును, వారి ప్రతినిధులును నింపుదురు, మనము రాము. రాకపోవుటయే మన సమ్మతిగా వ్రాసికొందురు. పటమును తెప్పించి చూడుడు. మీ యూరి జాలరిపేటవారిని వెంటబెట్టుకొని విచారణకు పొండు. చదువురానివారికి చదివి వినిపింపుడు. గీత యెచ్చట గీచిరో, యెవరి సౌకర్యమునకై గీచిరో యడుగుడు.

చిరాలి ఒడ్డున దీపములు లేని రాత్రిని ఎవరును దానముగా నీయలేదు. శాసనముచేతను, సహకారముచేతను, పట్టుదలచేతను అది సంపాదింపబడినది. ఒక తరమువా రేమరినచో నది పోవును. బోద్రుమ్ దానికి సాక్షి. గాలికి గోడలు లేవు, అలకు యజమాని లేడు. తీరమునకు మాత్ర మెందు కుండవలెను?